రిజర్వులో పడ్డ బండి

పాత మోటారుసైకిల్లో రిజర్వు ట్యాంకు అంటూ విడిగా ఏదీ ఉండదు. ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లలో కూడా చాలామంది పెద్ద ట్యాంకు లోపల ఎక్కడో ఒక చిన్న ట్యాంకు ఉందని, కాక్ తిప్పితే అది తెరుచుకుంటుందని అనుకుంటారు. ట్యాంకు ఒకటే, పెట్రోలూ ఒకటే. ఒకే కుండకు రెండు ఎత్తుల్లో రెండు చిల్లులు పెట్టినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. ట్యాంకు అడుగున బిగించిన పెట్రోల్ కాక్ నుంచి ఒక సన్నటి గొట్టం లోపలికి నిలువుగా లేస్తుంది. కాక్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ గొట్టం పై అంచు దాటి లోపలికి దిగిన పెట్రోలే కార్బొరేటర్‌కు చేరుతుంది. మట్టం ఆ అంచు కంటే కిందికి పోయిందంటే, ట్యాంకులో ఇంకా లీటరో రెండు లీటర్లో ఉన్నా ఇంజనుకు చుక్క అందదు. కాక్‌ను రిజర్వుకు తిప్పితే గొట్టం మొదట్లో, ట్యాంకు అడుగుకు దగ్గరగా ఉన్న రెండో దారి తెరుచుకుంటుంది. రిజర్వు ఎంత అన్నది ఆ గొట్టం పొడవూ, ట్యాంకు అడుగు ఆకారమూ కలిసి తేల్చే లెక్క.

ఇంత సాదా ఏర్పాటు ప్రపంచమంతటా దశాబ్దాల పాటు కోట్లాది బళ్లను నడిపించింది. మన దగ్గర 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నుంచి, మైసూరు జావా, ఫరీదాబాద్ రాజ్‌దూత్, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 దాకా అన్నిటికీ ఇదే ఆధారం. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమల్లోకి వచ్చి కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు కనుమరుగయ్యేదాకా అది మన రోడ్ల మీద బతికే ఉంది. ఇప్పటికీ పాత బళ్లు లక్షల్లో తిరుగుతున్నాయి. అందుకే ఈ ఏర్పాటు తన పని ఎంత బాగా చేసిందో, ఎక్కడ చేతులెత్తేసిందో ఒకసారి నిదానంగా చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెట్రోలు అయిపోతోందని చెప్పడంలో దీన్ని మించినది మోటారుసైకిల్ మీదికి రాలేదు. కానీ తనకే జబ్బు చేస్తే ఆ సంగతి చెప్పుకోలేని వ్యవస్థ ఇది. దీని చుట్టూ ఉన్న ఇబ్బందులన్నీ ఆ రెండో మాటలోనే ఉన్నాయి.

రిజర్వులో పడడం అంటే ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ట్యాంకు నుంచి ధార ఆగిన క్షణానే ఇంజను ఆగదు. కార్బొరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది. దాంట్లో తేలే ఫ్లోటు, దాని మీద ఆధారపడ్డ సూది కలిసి పెట్రోలు మట్టాన్ని ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంచుతాయి. పైనుంచి రావడం మానేశాక ఇంజను ఆ గిన్నెలో ఉన్నదాన్ని తాగుతుంది. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి గిన్నెలో మిగిలిన 20 మిల్లీలీటర్లు లెక్క ప్రకారం ఒక కిలోమీటరు. కానీ గిన్నె పూర్తిగా ఎండేదాకా ఇంజను సాఫీగా నడవదు. మట్టం తగ్గేకొద్దీ జెట్‌కు అందే పెట్రోలు పలచబడి, మిశ్రమంలో గాలి పాలు పెరుగుతుంది. బండి ముందు కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తుంది, తర్వాత తడబడుతుంది, దగ్గుతుంది. అలవాటు లేనివాడు రేజ్ ఇంకా తిప్పుతాడు, దాంతో ఉన్న కాస్తా త్వరగా అయిపోతుంది. అలవాటున్నవాడు రేజ్ తగ్గించి, చెయ్యి కిందికి పోనిచ్చి, చూపు రోడ్డు మీంచి తిప్పకుండానే కాక్ తిప్పుతాడు. రెండు మూడు క్షణాల్లో గిన్నె నిండి బండి మళ్లీ అందుకుంటుంది.

కాక్ ఎక్కువగా ఎడమ పక్కనే ఉండడానికి కారణం ఇదే. కుడి చెయ్యి రేజ్ వదలకూడదు, ముందు బ్రేకూ ఆ చేతి కిందే ఉంది. క్లచ్ చెయ్యి క్షణం ఖాళీ అయినా ఫర్వాలేదు. పిడి కిందికి ఉంటే ఆన్, పైకి ఉంటే రిజర్వు, అడ్డంగా ఉంటే ఆఫ్ అన్న పద్ధతి చాలా బళ్లలో కనిపిస్తుంది. వేలికి తగలగానే తెలిసిపోవాలన్నది దాని ఉద్దేశం. చేతి తొడుగు వేసుకున్నా, చీకట్లో ఉన్నా పని జరగాలి. ఈ చిన్న పిడి వెనక నడిపేవాడి శరీరాన్ని దృష్టిలో పెట్టుకున్న ఆలోచన ఎంతో ఉంది.

అయినా ఈ హెచ్చరిక ఎప్పుడు వస్తుందో మన చేతుల్లో లేదు. రెండు వరసల రోడ్డు మీద లారీని దాటుతున్నప్పుడు, ఎదురుగా బస్సు కనిపిస్తున్నప్పుడు ఇంజను తడబడితే అది హెచ్చరిక కాదు, ప్రమాదం. టూ స్ట్రోక్ బళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. పాత జావా, రాజ్‌దూత్, బజాజ్ చేతక్ లాంటివాటిలో ఇంజనుకు కావలసిన ఆయిలు పెట్రోల్లోనే కలిసి వస్తుంది. పెట్రోలు పలచబడితే మంట వేడెక్కుతుంది, అదే సమయంలో సిలిండర్‌కు ఆయిలూ తగ్గుతుంది. నిండు వేగంలో ఉన్నప్పుడు తడబాటు మొదలైతే వెంటనే రేజ్ మూసి క్లచ్ పట్టమని పాత మెకానిక్కులు చెప్పేది పిస్టన్ పట్టేస్తుందన్న భయంతోనే. ఆ భయం ఉత్తిది కాదు.

ఒకే కాక్, రెండు ఎత్తులు అన్న ఈ రూపానికి ముందూ పక్కనా వేరే దారులు నడిచాయి. ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్, బి.ఎస్.ఎ., నార్టన్ బళ్లలో చాలావాటికి ట్యాంకు కింద రెండు పక్కలా రెండు కాక్‌లు ఉండేవి. ఒకటి మామూలు ప్రయాణానికి, రెండోది మూసి ఉంచుకునే రిజర్వు. వాటిలో యూవార్ట్స్ కంపెనీ కాక్‌లు లాగి తెరిచే రకం. లోపల బెండు బిరడా పెట్రోలులో నాని ఉబ్బి దారిని మూస్తుంది. బండి నెలల తరబడి ఎండిపోయి నిలబడితే బెండు ముడుచుకుంటుంది, మళ్లీ పెట్రోలు పోసిన రోజు చుక్కలు చుక్కలుగా కారుతుంది. పాత హార్లీల్లో కాక్ పిడి ట్యాంకు మీదే ఉండేది. మర విప్పితే మామూలు దారి, ఇంకాస్త పైకి లాగితే రిజర్వు. బీఎండబ్ల్యూ బాక్సర్లలో ఇంజనుకు రెండు పక్కలా రెండు కార్బొరేటర్లు, ట్యాంకుకు రెండు పక్కలా రెండు కాక్‌లు, ఒక్కోదానికీ విడిగా రిజర్వు. తెలివైనవాళ్లు రోజూ ఒక కాక్ మాత్రమే తెరిచి నడిపేవారు. అది రిజర్వులో పడ్డాక రెండోది తెరిస్తే అటువైపు మిగిలిందంతా చేతికొచ్చేది. మోటారుసైకిళ్ల ప్రపంచం బయట కూడా ఇదే ఆలోచన కనిపిస్తుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు 1960ల మొదట్లో పెట్రోలు మీటరు వచ్చేదాకా, కాలితో తిప్పే రిజర్వు మీటే దిక్కు.

రెండు పక్కలా రెండు కాక్‌లు ఎందుకన్నది ట్యాంకును బోర్లించి చూస్తే తెలుస్తుంది. మోటారుసైకిల్ ట్యాంకు చట్రం మీద ఉన్న పెద్ద గొట్టానికి అటూ ఇటూ జీనులా దిగి ఉంటుంది. మట్టం ఆ మధ్య మిట్ట కంటే దిగినప్పుడు ట్యాంకు రెండు గదులుగా విడిపోతుంది. కాక్ ఎడమ పక్కన ఒక్కటే ఉంటే, కుడి గదిలో ఉన్న పెట్రోలు అక్కడే చిక్కుకుంటుంది. కొన్ని కంపెనీలు రెండు గదులనీ కింద రబ్బరు గొట్టంతో కలిపాయి. చాలా చిన్న బళ్లలో ఆ ఏర్పాటు లేదు. యజమాని పుస్తకాల్లో కొన్ని రిజర్వు ఇంత, అందులో వాడుకోదగినది ఇంత అని రెండు అంకెలు చెప్పేది ఇందుకే. రిజర్వు కూడా అయిపోయాక బండిని ఎడమకు బాగా వంచి, మళ్లీ నిలబెట్టి నాలుగు కిక్కులు కొట్టడం మన ఊళ్లన్నిటికీ తెలిసిన వైద్యం. దాని వెనకున్నది పూర్తిగా శాస్త్రమే. కుడి గదిలో చిక్కుకున్న పెట్రోలు మిట్ట దాటి కాక్ ఉన్న పక్కకు వస్తుంది. చేతక్‌ను వంచడంలో రెండు పనులు కలిసి ఉంటాయి. ట్యాంకు మూలల్లో ఉన్నది కాక్ దగ్గరికి చేరుతుంది, కార్బొరేటర్ గిన్నె పొంగి మిశ్రమం కాస్త చిక్కబడుతుంది.

రోడ్డు వాలుకు కూడా ఇందులో పాత్ర ఉంది. కాక్ సాధారణంగా ట్యాంకు వెనక భాగంలో ఉంటుంది కాబట్టి ఎక్కుడులో పెట్రోలు దాని వైపే వస్తుంది, దిగుడులో ముందుకు పోతుంది. తిరుమల ఘాట్‌లో పైకి సాఫీగా ఎక్కిన బండి అదే పెట్రోలుతో దిగేటప్పుడు రిజర్వులో పడడం వింతేమీ కాదు. చదునుకు వచ్చాక మళ్లీ ఆన్‌లో కాసేపు నడుస్తుంది కూడా. అరకు, పాడేరు దారుల్లో, నల్లమల అడవిలో తిరిగేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

1970ల్లో జపాన్ కంపెనీలు ఇంకో మెట్టు ఎక్కాయి. కాక్‌లో ఒక పలచటి రబ్బరు పొర పెట్టి, దాన్ని చిన్న గొట్టంతో ఇంజను గాలి పీల్చుకునే దారికి కలిపాయి. ఇంజను తిరుగుతుంటే ఆ పీల్పుకు పొర లేచి పెట్రోలును వదులుతుంది. ఇంజను ఆగితే దానంతటదే మూసుకుంటుంది. ఆఫ్ చేయడం మర్చిపోయినా నష్టం లేదు. ఈ వాక్యూమ్ కాక్‌లలో చాలావాటికి ఆఫ్ అన్న గుర్తే ఉండదు. దాని చోట ప్రైమ్ అని ఒకటి ఉంటుంది. గిన్నె పూర్తిగా ఎండిపోతే, ఇంజను తిరిగితే గానీ పెట్రోలు రాదు, పెట్రోలు వస్తే గానీ ఇంజను తిరగదు. ఆ ముడి విప్పడానికి ప్రైమ్ పొరతో పని లేకుండా నేరుగా పెట్రోలును వదులుతుంది. గిన్నె నిండాక తిరిగి ఆన్‌కు తిప్పాలి.

ఆఫ్ చేసే అలవాటు లేనివాడి ఇంజనును కాపాడాలన్న ఆలోచన మంచిదే. అరిగిన ఫ్లోటు సూదితో కాక్ ఆన్‌లో వదిలేసిన బండి రాత్రంతా పెట్రోలును ఇంజనులోకి కారుస్తుంది, అది ఇంజన్ ఆయిల్లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. కానీ వాక్యూమ్ కాక్ ముసలిదయ్యాక ఈ కీడునే తను తెచ్చిపెడుతుంది. పొరకు చిరుగు పడితే పీల్పు గొట్టం గుండానే పెట్రోలు నేరుగా ఇంజనులోకి పోతుంది. సిలిండర్లో ద్రవం నిండిన ఇంజనును స్టార్ట్ చేయబోతే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. పాత జపాన్ బళ్లు నిలబెట్టుకునేవాళ్లలో దీని మీద రెండు పక్షాలున్నాయి. పొర మార్చుకుంటూ అసలు కాక్‌నే ఉంచాలన్నది ఒక పక్షం, మామూలు చేతి కాక్ బిగించి పీల్పు గొట్టం చివర మూసెయ్యాలన్నది రెండోది. నేను రెండో పక్షం. 40 ఏళ్లు దాటిన బండికి కనిపించని పొర కంటే చేత్తో మూసి చూసుకోగల కాక్ మేలు. అయితే ఇంటికి చేరగానే ఆఫ్ చేసే అలవాటు ఉన్నవాళ్లకే ఈ సలహా.

విద్యుత్తుతో నడిచే రిజర్వులు కూడా వచ్చాయి. 1985లో వచ్చిన యమహా వీ మాక్స్‌లో ట్యాంకు సీటు కింద ఉంటుంది కాబట్టి పెట్రోలు దానంతటది కిందికి పారదు, పంపు తోడాలి. మట్టం తగ్గినప్పుడు పంపు ఆగిపోతుంది, హ్యాండిల్ మీది స్విచ్‌ను రిజర్వుకు నెడితే మళ్లీ నడుస్తుంది. పాత కాక్ చేసే పనినే తీగలతో చేయించడం ఇది. ఇంకొన్ని బళ్లలో దీపం మాత్రమే పెట్టారు. వేడితో నిరోధం మారే చిన్న పూస పెట్రోలులో మునిగి ఉన్నంతసేపు చల్లగా ఉంటుంది. మట్టం దిగి బయటపడితే వేడెక్కి కరెంటును వదులుతుంది, దీపం వెలుగుతుంది.

ఇప్పుడు ఈ వ్యవస్థ జబ్బుల సంగతికి వద్దాం. మొదటిది మనిషి మరుపు. బంకులో పెట్రోలు పోయించుకుని కాక్‌ను ఆన్‌కు తిప్పకుండా బయలుదేరితే ఆ క్షణం నుంచి బండికి రిజర్వు లేదు. నడుస్తున్నంతసేపు తేడా ఏమీ తెలియదు. మళ్లీ పెట్రోలు అయిపోయిన రోజు హెచ్చరిక రాదు, నేరుగా ముగింపే వస్తుంది. ఒక్కడే నడిపే బండికి ఇది తక్కువ. అన్నదమ్ములూ, మేనల్లుళ్లూ, పక్కింటివాళ్లూ ఎక్కి తిరిగే బండికి ఇది దాదాపు ఖాయం. పొద్దున తీసుకెళ్లినవాడు రిజర్వుకు తిప్పి, 50 రూపాయల పెట్రోలు కొట్టించి, కాక్ అలాగే ఉంచి అప్పజెబుతాడు. సాయంత్రం ఎక్కినవాడు ఆన్‌లో ఉందనుకుని పొలం దారిలో నడుచుకుంటూ వస్తాడు. అందుకే ఇంకొకరి చేతి నుంచి తాళం తీసుకున్నప్పుడు టైర్ల కంటే ముందు కాక్ చూడాలి.

రెండో జబ్బు ప్యాకింగ్ అరగడం. కాక్ పిడి వెనక రంధ్రాలున్న ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. పిడి తిరిగినప్పుడు దాని గాడి ఏ రెండు రంధ్రాలను కలిపితే ఆ దారి తెరుచుకుంటుంది. రబ్బరు గట్టిపడి గీతలు పడితే రంధ్రాల మధ్య గోడ నిలవదు. బయటికి కారితే వాసన వస్తుంది, కనిపిస్తుంది, ఎవరైనా బాగు చేయిస్తారు. లోపల్లోపల కారితే మాత్రం ఎవరికీ తెలియదు. పిడి ఆన్‌లోనే ఉంటుంది, రిజర్వు దారి నుంచి కూడా పెట్రోలు జారుతూనే ఉంటుంది.

మూడోది అన్నిటికంటే దొంగ జబ్బు. నిలువు గొట్టం మొదట్లో వదులవుతుంది, లేదా పగులుతుంది. ఇత్తడి గొట్టాన్ని మెత్తటి లోహంలో ఒత్తి బిగించిన కాక్‌లలో దశాబ్దాల కంపనానికి పట్టు సడలుతుంది. ప్లాస్టిక్ గొట్టాలైతే పెళుసెక్కి విరుగుతాయి. అప్పుడు ఆన్‌లోనే ట్యాంకు అడుగంటా ఇంజను తాగేస్తుంది. బయటి నుంచి చూస్తే ఆ కాక్‌కు ఏ లోపమూ లేదు. పైగా బండి బాగా మైలేజీ ఇస్తోందని, రిజర్వులో పడనే పడడం లేదని యజమాని సంతోషిస్తాడు. చాలా కాలంగా రిజర్వులో పడని పాత బండిని అనుమానించాలన్నది నేను గట్టిగా చెప్పే మాట.

దీనికి ఎదురు జబ్బు కూడా ఒకటుంది, లేని రిజర్వు. ట్యాంకు మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ పైన గాలి పలచబడి ధార ఆగిపోతుంది. సగం ట్యాంకు ఉండగానే బండి రిజర్వులో పడ్డట్టు దగ్గుతుంది. కాక్ తిప్పినా ఫలితం అంతంతమాత్రం. మూత ఒకసారి తెరవగానే గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి బండి మామూలైతే రోగం దొరికినట్టే.

రిజర్వులో నడిపితే అడుగున ఉన్న చెత్తంతా కార్బొరేటర్‌లోకి వస్తుందన్న మాట ఎంతవరకు నిజం? కొంత నిజమే. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి ట్యాంకులో చేరిన చెమ్మ అడుక్కే దిగుతుంది, అక్కడే తుప్పు పుడుతుంది. కాక్ మీద సన్నటి జాలీ ఉన్నా పొడిలాంటి తుప్పునూ, నీటినీ అది పూర్తిగా ఆపలేదు. అయితే దీన్నుంచి రిజర్వు వాడకూడదన్న నిర్ణయానికి వస్తే పప్పులో కాలేసినట్టే. నిలువు గొట్టం అంచు కింద, అడుగున చేరిన నీరు ఆన్‌లో బయటికి పోదు. ట్యాంకు మళ్లీ మళ్లీ నింపుకుంటూ రిజర్వు ముట్టనివాడి బండిలో నీరు నెలల తరబడి ఆ మూలనే నిలిచి రేకును తింటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ హద్దు దాటితే నీటితో కలిసి విడిపోయి అడుగున చేరుతుంది. పాత రబ్బరు ప్యాకింగులకూ అది పడదు. కాబట్టి అప్పుడప్పుడూ కావాలనే రిజర్వులో కొంత దూరం నడిపి, కాక్ కింద గిన్నె ఉన్న బళ్లలో దాన్ని విప్పి కడగడం మంచిది. చెత్త రావడానికి భయపడాల్సింది ఏళ్ల తరబడి ముట్టనివాళ్లే.

మరి కొత్త బళ్లలో కాక్ పోవడం నష్టమా? ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులోనే మునిగి ఉండి పెట్రోలుతోనే చల్లబడుతుంది. దాన్ని ఎండనివ్వకూడదు. ఇంజను ఆగిపోవడాన్నే హెచ్చరికగా వాడుకునే పద్ధతి అక్కడ కుదరదు, దీపమూ మీటరూ తప్పవు. కానీ జీను ఆకారపు ట్యాంకులో మీటరు ముల్లు నమ్మదగ్గది కాదని నడిపేవాళ్లందరికీ తెలుసు. ముందు సగం నిదానంగా, తర్వాతి సగం గబగబా దిగుతుంది, బ్రేకు వేస్తే ఒకలా, వాలులో ఇంకోలా ఉంటుంది. దీపం వెలిగినా పట్టించుకోకుండా ఇంకో రోజు నడపవచ్చు. కాక్ ముందు ఆ వాయిదా చెల్లదు. అది బండిని ఆపి, చెయ్యి పెట్టించి, ఇక్కడి నుంచి ఇంత దూరమే అని ఒప్పిస్తుంది. మనిషి బద్ధకాన్ని ఇంత బాగా అర్థం చేసుకున్న హెచ్చరిక కొత్త బళ్లలో నాకు కనిపించలేదు.

పాత బండి ఉన్నవాళ్లు ఒక పని తప్పక చేయాలి. తమ రిజర్వు ఎంతో కొలుచుకోవాలి. పుస్తకంలో ఉన్న అంకె కంపెనీ కాక్‌కు చెందినది. మార్కెట్లో దొరికే కాక్‌లలో గొట్టం పొడవు అదే ఉంటుందన్న హామీ లేదు. రెండు సెంటీమీటర్లు పొట్టిదైనా రిజర్వు బాగా తగ్గిపోతుంది. ఇంజను చల్లారాక, ఆరుబయట, నిప్పుకు దూరంగా బండిని నిటారుగా నిలబెట్టి, కార్బొరేటర్‌కు పోయే పైపు ఊడదీసి డబ్బాలో పెట్టాలి. కాక్ ఆన్‌లో ఉంచితే ధార కొంతసేపటికి ఆగిపోవాలి. ఎంతకీ ఆగకుండా ట్యాంకు అడుగంటా ఖాళీ అయితే గొట్టమో ప్యాకింగో పోయిందని అక్కడే తెలిసిపోతుంది. ఆగితే డబ్బా మార్చి, రిజర్వుకు తిప్పి, వచ్చినదాన్ని కొలపాత్రలో పట్టాలి. వాక్యూమ్ కాక్ అయితే ఇంజను తిరగకుండా ఈ రెండు దారులూ తెరుచుకోవు, పీల్పు గొట్టానికి సిరంజి పెట్టి లాగి ఉంచాలి. లీటరున్నర వచ్చిందనుకుందాం, బండి లీటరుకు 60 ఇస్తుందనుకుందాం. కాగితం మీద 90 కిలోమీటర్లు. ఇద్దరు ఎక్కి, ఎదురుగాలిలో, ఎక్కుడు దారిలో ఇచ్చే 40తో లెక్కేస్తే 60. ట్యాంకు మూత లోపలి వైపు రాసి పెట్టుకోవాల్సింది ఆ రెండో అంకె.